మేజా మీద మిగ్-21: హైదరాబాద్ జహాజుల కహానీ



2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలు ఆఖరిసారి ఎగిరాయి. 1963లో మన వాయుసేనలో చేరి, 62 ఏళ్ళు ఖిద్మత్ చేసి రుఖ్సత్ తీసుకున్నాయి. గోదావరిఖనిలో మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూశాం. సింగరేణిలో టింబర్‌మన్‌గా రిటైరైన మా అబ్బా కుర్చీలోంచి కదల్లేదు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి మరీ చూశాడు. ఇది ఈ రోజుల్లో చిన్న విషయం కాదు, మీకు తెలుసు.

స్కూలు తెరిచాక క్లాసులో ఆ ముచ్చటే నడిచిందట. ఒక పిల్లవాడు మావాడిని అడిగాడట, "మీవాళ్ళు ఎవరన్న మిగ్ నడిపిండ్రా? లేకపోతే అవతలి దిక్కు నుంచి నడిపిండ్రా?" అందరూ నవ్వారట. మావాడు కూడా నవ్వాడట. ఇంటికొచ్చి సంచీ పడేసి ఆ సవాల్‌ను అట్లాగే నన్ను అడిగాడు.

ఇరవై ఏళ్ళుగా అఖ్బార్‌లో పనిచేస్తున్నా, వెంటనే జవాబు రాలేదు. నాకు కోపం వచ్చింది. కోపంలో చెప్పిన తారీఖ్ పిల్లల చెవికి ఎక్కదని నా తజుర్బా. అందుకే ఆ రాత్రి ఏమీ చెప్పకుండా ఒక ప్లాస్టిక్ కిట్ ఆర్డర్ చేశాను. మిగ్-21, 1/72 స్కేలు. "దీన్ని చేద్దాం బేటా. చేసుకుంటూ మాట్లాడుకుందాం" అన్నాను.

పది రోజులకు డబ్బా వచ్చింది. బూడిద రంగు ఫ్రేములు, వాటికి అతుక్కుని ముక్కలు, ఒక సన్న పారదర్శక అద్దం, తడిపి అంటించే గుర్తుల కాగితం. మావాడి ముఖం చిన్నబోయింది. "ఇంత చిన్నదా అబ్బూ?"

అసలు జహాజు రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 7.15 మీటర్లు. డెబ్బై రెండుతో భాగిస్తే పది సెంటీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. మరి ఈ 72 ఎక్కడిది? అది అంగుళాల హిసాబు. ఆరు అడుగుల మనిషి అంటే 72 అంగుళాలు, ఈ స్కేలులో సరిగ్గా ఒక్క అంగుళం అవుతాడు. 1930లలో ఇంగ్లండ్‌లో స్కైబర్డ్స్ అనే కంపెనీ ఈ లెక్కతో కట్టె విమానాల కిట్లు అమ్మింది. 1936లో ఫ్రాగ్ కంపెనీ అదే స్కేలులో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. అప్పట్లో అది పిల్లల షౌక్.

తర్వాత జంగ్ వచ్చింది. ఆస్మాన్‌లో వచ్చేది మనదా, దుష్మన్‌దా అని కింద ఉన్న సిపాయి క్షణంలో చెప్పాలి. అందుకని 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల్ని 5 లక్షల కట్టె మోడళ్ళు చేసిమ్మని అడిగింది. స్కేలు ఇదే, 1/72. పిల్లలు చెక్కి ఇచ్చారు. వాటికి నల్ల రంగు వేసేవారు, ఆకారం తప్ప ఇంకేమీ కనిపించకుండా. ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అని గుర్తుపట్టడం నేర్పడానికి పుట్టిన నల్ల బొమ్మలు అవి. మావాడు ఈ మాట విని కాసేపు చేతిలోని ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

మొదటి రెండు రాత్రులు కాక్‌పిట్‌తోనే గడిచాయి. ఇషా తర్వాత మేజా మీద పాత అఖ్బార్ పరిచి, టేబుల్ ల్యాంప్ వేసి కూర్చునేవాళ్ళం. అప్పుడు నేను హైదరాబాద్ జహాజుల కహానీ మొదలుపెట్టాను.

1918లో మొదటి ప్రపంచ జంగ్ ఆఖరి దశలో ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన రఖంతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు వచ్చాయి. ఒక్కో విమానం మీద అది హైదరాబాద్ కానుక అని రాశారు. ఆ స్క్వాడ్రన్ పేరులోనే 'హైదరాబాద్' చేరింది. ఫ్రాన్స్ నుంచి లేచి జర్మనీ మీదికి పోయిన ఆ విమానాల్లో చాలా తిరిగి రాలేదు. 'హైదరాబాద్ నంబర్ 12ఏ' అనే ఒకటి 1918 అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండో జంగ్ తర్వాత అది పోలండ్‌లో తేలింది. 1977లో ఇంగ్లండ్‌కు తిరిగి చేరి, ఆర్ఏఎఫ్ మ్యూజియంలో నిలబడింది. మన రియాసత్ పేరు మోసిన ఒక కట్టె, గుడ్డల జహాజు మూడు ముల్కులు తిరిగి ఇంకా బతికుంది.

రెండో జంగ్‌లో 152వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ పేరు పెట్టారు. స్పిట్‌ఫైర్‌లతో 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాసింది, తర్వాత బర్మా దాకా వచ్చింది. దాని చిహ్నం నిజాం దస్తార్, అంటే తలపాగా. నినాదానికి ఉర్దూలో అర్థం 'యారె వఫాదార్', నమ్మకమైన దోస్త్.

"అంటే మనవాళ్ళు నడిపారన్నమాట!" మావాడి కళ్ళు మెరిశాయి.

నేను ఇక్కడ అబద్ధం చెప్పదలచుకోలేదు. "నడిపింది మనవాళ్ళు కాదు బేటా. మనది పైసా మాత్రమే. ఆ పైసా నిజాం జేబులోకి ఎక్కడి నుంచి వచ్చింది? రైతు కట్టిన శిస్తు నుంచి, రియాసత్ ఆమ్దనీ నుంచి. జొన్న పండించినోడు ఆ జహాజును ఎన్నడూ చూడలేదు. వఫాదారీ ఎవరి పట్ల? మన ముల్క్‌ను ఏలుతున్న అంగ్రేజుల పట్ల."

పక్క గదిలో పడుకున్నారనుకున్న అబ్బా అక్కడి నుంచే అన్నారు, "పైసా ఇచ్చినోని పేరు జహాజు మీద రాస్తరు. పని చేసినోని పేరు మస్టర్‌ల రాస్తరు. హమేషా గట్లనే."

మూడో రాత్రి రెక్కలు అంటించాలి. మిగ్-21 రెక్క త్రికోణం. ముక్కు దగ్గర గాలి పీల్చే గుండ్రటి నోరు, దాని మధ్యలో శంకువు. వెనక్కి బరువు ఎక్కువ కాబట్టి, ముక్కులో సీసం పెట్టకపోతే మోడల్ తోక మీద కూర్చుంటుంది. గోదావరిలో గాలం వేసేవాళ్ళు వాడే సీసం గుళ్ళు అబ్బా ఎక్కడి నుంచో నాలుగు తెచ్చి ఇచ్చారు. అవి శంకువు వెనక సరిగ్గా పట్టాయి.

ఆ రాత్రి ఇద్రీస్ హసన్ లతీఫ్ కహానీ చెప్పాను.

ఆయన 1923 జూన్ 9న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. 1942లో, ఇరవై కూడా నిండకుండానే వాయుసేనలో చేరారు. బర్మా జంగ్‌లో హరికేన్ విమానాలు నడిపారు. నిజాం దస్తార్ చిహ్నంతో అంగ్రేజులు స్పిట్‌ఫైర్‌లు ఎగరేస్తున్న ఆ బర్మా ఆస్మాన్‌లోనే, హైదరాబాద్ గల్లీల్లో పెరిగిన ఒక నౌజవాన్ హిందుస్తానీ వాయుసేన యూనిఫాంలో ఎగిరాడు. 1947లో సైన్యాన్ని పంచుకున్నప్పుడు ముస్లిం అఫ్సర్లకు ఏ వైపు ఉంటారో చెప్పమన్నారు. ఆయన దోస్తులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ అటు వెళ్ళారు. తర్వాత ఇద్దరూ పాకిస్తాన్ వాయుసేన అధిపతులయ్యారు. తమతో రమ్మని లతీఫ్‌ను కూడా పిలిచారు. ఆయన ఇక్కడే ఉన్నారు.

ఇక్కడి దాకా చెప్పడం ఆసాన్. దీని తర్వాతి ఏడాది కష్టం. కానీ దాన్ని దాటేసి పోతే అది తారీఖ్ కాదు.

1948లో హైదరాబాద్ రియాసత్ నలిగిపోతోంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా మనిషి లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట నిజాంకు హథియార్లు మోసేవాడు. ఊళ్ళలో రజాకార్ల జుల్మ్. సెప్టెంబర్ 13న భారత సైన్యం లోపలికి వచ్చింది. పైన టెంపెస్ట్ యుద్ధ విమానాలు దారి చేస్తూ వచ్చాయి. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. మన పెద్దలు దాన్ని ఇప్పటికీ 'పోలీస్ యాక్షన్' అనే అంటారు. ఆ తర్వాత జరిగిన దాంట్లో ఏ రజాకార్‌తోనూ సంబంధం లేని సామాన్య ముస్లింలు ఎంతోమంది చచ్చిపోయారు. కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది.

అబ్బా అప్పటికి పుట్టలేదు. ఆయన అబ్బా, అంటే మా దాదా, ఆ వారం తన తల్లిని తీసుకుని జొన్నచేనులో దాక్కున్నారట. పైన జహాజు చప్పుడు వినిపిస్తే తల్లి తల మీద తన రుమాలు కప్పేవారట, అది కప్పితే పైవాళ్ళకు కనిపించదన్నట్టు. చేనులోకి రొట్టెలు తెచ్చి పెట్టింది పక్కింటి గొల్లాయన. ఈ రెండు మాటలూ దాదా ఎప్పుడూ కలిపే చెప్పేవారు, ఒకటి వదిలి ఒకటి చెప్పేవారు కాదు. అబ్బా కూడా ఆ రాత్రి మావాడికి రెండూ కలిపే చెప్పారు.

ఇప్పుడు తారీఖులు చూడండి. 1948 సెప్టెంబర్‌లో దక్కన్ మీదికి వచ్చినవి టెంపెస్ట్‌లు. 1950 జనవరి 26న హిందుస్తాన్ జమ్హూరియత్ అయిన రోజు, ఢిల్లీ మీద వాయుసేన కవాతుకు ముందు నడిచిన స్క్వాడ్రన్ లీడర్ ఇద్రీస్ లతీఫ్. ఆ రోజుల్లో ఆయన స్క్వాడ్రన్ ఎగరేసింది కూడా టెంపెస్ట్‌లే. ఒకే రకం విమానం. మధ్యలో పదహారు నెలలు.

మావాడు గ్లూ బ్రష్ పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. "ఆయనకు బాధ కాలేదా అబ్బూ?"

"ఏమో బేటా. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. ఏం చేశారో చెప్పగలను."

ఏం చేశారంటే, 1971 జంగ్ సమయానికి ఢిల్లీలో వాయుసేన ప్రణాళికలు చూసే సహాయ అధిపతి ఆయనే. ఆ డిసెంబర్ 14న మిగ్-21లు ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు వేశాయి. గవర్నర్ అదే రోజు ఇస్తీఫా ఇచ్చాడు. రెండు రోజులకు పాకిస్తాన్ ఫౌజ్ అక్కడ లొంగిపోయింది, బంగ్లాదేశ్ పుట్టింది. 1978 సెప్టెంబర్ 1న లతీఫ్ వాయుసేనాధిపతి అయ్యారు, 1981 ఆగస్టు దాకా ఉన్నారు. జాగ్వార్లు, మిగ్-23లు, మిగ్-25లు మన దగ్గరికి వచ్చే ఫైసలాల్లో ఆయన చేయి ఉంది. తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు. 2018లో హైదరాబాద్‌లోనే ఇంతెఖాల్ అయ్యారు. మన వాయుసేనకు అధిపతి అయిన ముస్లిం ఇప్పటి దాకా ఆయనొక్కరే.

ఇక మేజా మీద ఉన్న మిగ్-21 సంగతి. రష్యా డిజైన్, 1955లో దీని తొలి నమూనాలు ఎగిరాయి. దునియాలో 11 వేలకు పైగా తయారయ్యాయి. మన వాయుసేనకు తొలి సూపర్‌సోనిక్ యుద్ధ విమానం ఇదే. మన దేశంలో దీన్ని తయారు చేసేందుకు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ పనిని మూడు చోట్ల పంచింది. ఒళ్ళు నాసిక్‌లో, ఇంజిన్ మన పక్కనే ఉన్న ఒడిశా కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లో. బాలానగర్ ఫ్యాక్టరీ 1965లో మొదలైంది. అక్కడ వేలమంది తెలుగు కార్మికులు జిందగీ గడిపారు. అందులో అన్ని మజహబ్‌ల వాళ్ళూ ఉన్నారు. 1918లో మన రియాసత్ ఇచ్చింది పైసా. యాభై ఏళ్ళ తర్వాత ఇచ్చింది హునర్. నాకైతే ఈ రెండోదే పెద్ద కానుక.

అతుకుల్ని కార్లకు రంగులు వేసే దుకాణం నుంచి తెచ్చిన వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాం. ఇక రంగు. మేం ఎంచుకున్నది పాత ఎఫ్ఎల్ రకం. 1971 డిసెంబర్‌లో మచ్చల రంగులు వేయకముందు ఆ విమానాలు ఒట్టి లోహపు మెరుపుతోనే ఎగిరేవి. అంటే మా మోడల్‌కు వెండి రంగు వేయాలి. మోడళ్ళు చేసేవాళ్ళందరూ భయపడే రంగు అది. ఒక్క దుమ్ము కణం పడినా దాచుకోదు.

గోదావరిఖనిలో దుమ్ము లేని చోటు ఎక్కడ దోస్తో? మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయితే మా కిటికీలు గడగడమంటాయి. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం వేలు పెట్టి రాస్తే పేరు కనిపిస్తుంది. వెండి మెరవాలంటే కింద ముందు నిగనిగలాడే నలుపు వేయాలట. నలుపు వేసి ఆరబెట్టాం. దాని మీద వెండి కొట్టాం. తెల్లారి చూస్తే రెక్క మీద పిండి చల్లినట్టు గరుకు. గీకి మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. మావాడు డబ్బా మూసేసి, "నక్కో అబ్బూ, మన ఊళ్ళో ఇది కాదు" అన్నాడు.

అబ్బా లేచి వచ్చారు. ఆ వయసులో వంగి, స్నానాల గది గోడల మీదా నేల మీదా చెంబుతో నీళ్ళు చల్లారు. తలుపుకు తడి దుప్పటి కట్టారు. "బాయిల బొగ్గు దుమ్ము లేస్తే పాణాలు పోతయి. నీళ్ళు కొడితే దుమ్ము అణుగుతది. సున్నపురాయి పొడి చల్లుతం, నిప్పు అంటకుండ. ఇంత చిన్న జహాజుకు నీళ్ళే సాలు. పది నిమిషాలు ఆగుండ్రి, అప్పుడు కొట్టుండ్రి." పది నిమిషాలు ఆగాం. ఈసారి వెండి అద్దంలా పరుచుకుంది.

ఆ తడి గదిలో నిలబడే మావాడు ఇంకో సవాల్ వేశాడు. "దాదా, మిగ్‌ను ఎగిరే శవపేటిక అంటరట, సచ్‌నా?"

సచ్. 2012లో రక్షణ మంత్రి పార్లమెంటుకు చెప్పిన లెక్క నేను చదివి వినిపించాను. అప్పటి దాకా వచ్చిన 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాలు. 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం చనిపోయారు. అబ్బా లెక్క విని తల ఊపారు. "2003 జూన్ 16" అన్నారు. మా ఇంట్లో ఆ తారీఖ్‌కు వివరం అక్కర్లేదు. ఏడో గనిలో నీళ్ళు పడి 17 మంది పోయిన రోజు. "పైకి పోయినోళ్ళు, కిందికి పోయినోళ్ళు. ముల్క్‌కు కరెంటు గావాలె, పహరా గావాలె. రెండిట్ల గూడ పాణాలు పోయినయి. పోయినోళ్ళ మజహబ్ ఎవడు అడిగిండు?"

తర్వాత మావాడి వైపు తిరిగి అన్నారు, "నిన్ను అడిగిన పోరడు ఉన్నడు గద. వానికి ఆ లతీఫ్ సాబ్ పేరు చెప్పు. ముచ్చటగ చెప్పు. సర్టిఫికెట్ సూపిచ్చినట్టు సెప్పకు. ఒక్కపారి సర్టిఫికెట్ సూపిస్తే ప్రతి ఏడు సూపియ్యమంటరు. నాది ముప్పై ఐదేండ్ల మస్టర్ ఉన్నది. నేను ఎవనికి సూపియ్యలే."

నేను మావాడికి ఇద్దామనుకున్న జవాబ్ వేరు. ఒక గొప్ప పేరు ఇచ్చి, 'పో, వాడి నోరు మూయించు' అందామనుకున్నాను. ఆ రాత్రి నాకు షరమ్ అనిపించింది. ఒక వాయుసేనాధిపతి ఉన్నాడు కాబట్టే ఈ ముల్క్ మనది అంటే, లేకపోతే కాదనే కదా అర్థం? లతీఫ్ సాబ్ మనకు ఫఖ్ర్. మన హక్కుకు గవాహీ చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు.

చివరి పని గుర్తులు. కాగితం ముక్కను గోరువెచ్చని నీళ్ళలో వేసి, జారించి, కుంచెతో సర్దాలి. వాయుసేన గుండ్రటి నిషాన్‌కు కూడా ఒక తారీఖ్ ఉంది. అంగ్రేజుల గుర్తులో మధ్యన ఎర్ర చుక్క ఉండేది. బర్మాలో జపాన్ వాళ్ళ ఎర్ర సూర్యుడిలా కనిపించి సొంతవాళ్ళే కాల్చేస్తారేమోనని ఎరుపు తీసేశారు. ఆజాదీ తర్వాత కొంతకాలం చక్రం వేసుకున్నారు. తర్వాత ఇప్పటిది వచ్చింది. చుట్టూ కేసరి, మధ్యలో తెలుపు, లోపల పచ్చ. ఎడమ రెక్క నిషాన్ వేస్తుంటే మావాడి చేయి వణికింది. అబ్బా ఊపిరి బిగబట్టి చూశారు. కుదిరింది.

మొత్తం మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ జహాజు మా షోకేస్‌లో, అబ్బా రిటైర్‌మెంట్ రోజున ఇచ్చిన గడియారం పక్కన ఉంది. కుడి రెక్క కింద వెండిలో ఒక చిన్న నల్ల చుక్క ఉండిపోయింది. గీకి సరిచేస్తానంటే మావాడు వద్దన్నాడు, "ఖని నుంచి లేచిన జహాజు కదా అబ్బూ, ఉండనీ."

స్కూలుకు తీసుకెళ్ళాడా అని అడుగుతారు. తీసుకెళ్ళలేదు. ఆ అడిగిన పిల్లవాడే ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. వాళ్ళ నాన్న కూడా సింగరేణిలోనే చేస్తాడు. మావాడు ముక్కులో సీసం గుళ్ళ సంగతి, తడి దుప్పటి సంగతి చెప్పాడు. లతీఫ్ సాబ్ సంగతి కూడా మధ్యలో వచ్చింది, వచ్చి పోయింది. పిల్లలిద్దరూ ఇంకో కిట్ కోసం పైసలు జమ చేస్తున్నారు. ఈసారి టెంపెస్ట్ కావాలట. నేను సరేనన్నాను. దాని కహానీ వాళ్ళిద్దరికీ కలిపే చెప్పాలి, చేనులో దాక్కున్న ముచ్చటా, రొట్టెలు తెచ్చిన ముచ్చటా, రెండూ.

మీ ఇళ్ళలో కూడా పెద్దలు ఉంటారు. పోలీస్ యాక్షన్ నాటివి, 1971 నాటివి, బాలానగర్ ఫ్యాక్టరీవి, బాయిలవి, వాళ్ళ దగ్గర ఎన్నో ముచ్చట్లు ఉంటాయి. చేతికి ఏదో ఒక చిన్న పని ఇచ్చి పిల్లల్ని వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. విన్నది తారీఖులతో సహా రాసి పెట్టుకోండి. మా అబ్బా సెహత్ కోసం దుఆ చేయండి.

ఖుదా హాఫిజ్.